కాటా మీద లెక్క: సరిహద్దు బడిలో గణితం చెప్పడం ఎలా

ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు పక్కనున్న మా గుణుపురం సంతలో అమ్మ పక్కన కూర్చుని చింతపండు అమ్ముతున్న ఆరో తరగతి పిల్లని అడిగాను. "కిలో నలభై అయితే మూడుంపావు కిలో ఎంతమ్మా?" చేతిలో పురికొస తిప్పుతూనే "నూట ముప్పై" అంది. ఎలా వచ్చిందంటే, "మూడు నలభైలు నూట ఇరవై, పావుకి పది" అంది. రెండ్రోజుల తర్వాత అదే పిల్ల బడిలో 3.25 × 40 వేసి 1300 అని రాసింది. జవాబు చూసుకుని కూడా ఆ పిల్లకి ఏమీ తేడాగా అనిపించలేదు. సంతలో ఎవరైనా మూడుంపావు కిలోకి 1300 అంటే నవ్వి ఉండేది.

ఇది మా ఊరి సంగతే అనుకోకండి. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో మరికొందరు కలిసి కలకత్తా, ఢిల్లీ బజార్లలో సరుకులమ్మే పిల్లల్ని పరీక్షించారు. 2025 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. బేరంలో నోటి లెక్క చకచకా చేసే పిల్లలు అలాంటి లెక్కలే బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే తడబడ్డారు. సరుకులమ్మే అలవాటు లేని బడిపిల్లలేమో కాగితం మీద నయమనిపించి, బేరం లెక్కల దగ్గర ఆగిపోయారు. సంతకీ బడికీ మధ్య వంతెన ఎవరూ వేయలేదన్నమాట.

ఆ వంతెన ఎలా వేయాలో ఇక్కడ రాస్తున్నాను. గుణుపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు బడిలోనో ట్యూషన్‌లోనో లెక్కలు చెప్పేవాళ్ళ కోసం ఇది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పక్క బెంచీలో సవర గిరిజన పిల్లలు ఉన్న క్లాసు మీదైతే మీకోసమే. మహారాష్ట్రలో సిరొంచ వైపు ఉన్నవాళ్ళు ఒడియా అన్నచోట మరాఠీ అని చదువుకోండి.

మొదటి అడుగు: 39 ఎన్ని రకాలుగా పలుకుతారో రాయించండి

ఒక పీరియడ్ చాలు. పుస్తకం తీయనివ్వకండి. బోర్డు మీద 39 వేసి, ఒక్కో భాష పిల్లని పిలిచి వాళ్ళ ఇంటి మాటలో చెప్పమనండి. చెప్పినదాన్ని ముక్కలు చేయించండి.

తెలుగు పిల్ల "ముప్పై తొమ్మిది" అంటుంది. బోర్డు మీద 30 + 9. ఒడియా పిల్లవాడు "అణచాళిశ" అంటాడు. చాళిశ అంటే నలభై, అణ అంటే తక్కువ. బోర్డు మీద 40 − 1. మరాఠీలోనూ ఇంతే, ఏకోణచాళీస. సవర పిల్ల వంతు వచ్చేసరికి క్లాసు నిశ్శబ్దమవుతుంది. సవర లెక్కలో పన్నెండు దాకా వేరువేరు పేర్లుంటాయి. పన్నెండు మిగ్గెల్. పదమూడంటే పన్నెండూ ఒకటీ, పంతొమ్మిదంటే పన్నెండూ ఏడూ. ఇరవైకి మళ్ళీ ఒక మెట్టు. అంచేత 39 అంటే ఇరవై, పన్నెండు, ఏడు. బోర్డు మీద 20 + 12 + 7.

ఇప్పుడు "మూడింట్లో ఏది రైటు?" అని అడగండి. మొదట మూడు గుంపులూ కొట్టుకుంటాయి. కొట్టుకోనివ్వండి. తర్వాత 39 + 13 ఇవ్వండి. ఒడియా పిల్లవాడు 40 + 13 − 1 అంటాడు, అందరికంటే ముందు చేస్తాడు. ఆ తర్వాత 12 బిస్కెట్లని ఇద్దరికి, ముగ్గురికి, నలుగురికి, ఆరుగురికి పంచమనండి. అదే పని 10 బిస్కెట్లతో చేయమంటే ముగ్గురి దగ్గరే ఆగిపోతారు. పన్నెండు మీద లెక్క కట్టడం వెనకబాటు అనుకునే పిల్లవాడు అక్కడ ఆలోచనలో పడతాడు. ఇదంతా మీకు కొత్తగా ఉంటే సవర పిల్లల అమ్మల్నో తాతల్నో ఒక గంట పిలవండి. నాకు ఈ లెక్క నేర్పింది ఏడో తరగతి పిల్ల. ఆ రోజు దాకా ఆ పిల్ల క్లాసులో నోరు విప్పలేదు.

(వందేళ్ళ కిందటే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని, సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు నడిపారు. మనం కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. ఒడిశా ప్రభుత్వం కూడా 2006-07లో పది గిరిజన భాషల్లో చిన్న తరగతుల చదువు మొదలుపెట్టింది, అందులో సవర ఉంది.)

ఇంకో చిన్న జాగ్రత్త. ఒడియా అంకెల్లో నాలుగు చూడటానికి అచ్చం మన 8లా ఉంటుంది. తెలుగు మీడియం నుంచి మారి వచ్చిన పిల్లవాడు 4ని 8 అని చదివి మొత్తం తప్పు చేస్తే, వాడికి కూడిక రాదని తేల్చేయకండి. మొదటి వారంలోనే అంకెల పట్టీ గోడకి అంటించండి.

రెండో అడుగు: ఇంటి కొలతల్ని క్లాసుకి తెప్పించండి

పిల్లల్ని ఇంట్లో ఉన్న పాత కొలపాత్రలు అడిగి తెమ్మనండి. గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. అన్నీ దొరకవు, రెండు మూడు దొరికినా చాలు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఇసకతో కొలిపించండి. కుంచంలో ఎన్ని గిద్దలని అడిగితే 64 అని వాళ్ళే తేలుస్తారు. కుంచంలో తవ్వ ఎన్నో వంతంటే ఎనిమిదో వంతు. భిన్నాల పాఠం అక్కడే అయిపోయింది, రొట్టె బొమ్మ గీయక్కర్లేదు.

అసలు పాఠం దాని తర్వాత ఉంది. ఇద్దరు పిల్లలు తెచ్చిన రెండు మానికల్ని పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో ఇసక రెండోదాంట్లో పోయించండి. మా క్లాసులో ఒకటి నిండి పొర్లిపోయింది. రెండూ మానికలే, రెండూ ఒకే పేట నుంచి వచ్చాయి. "మరి వడ్లు అప్పిచ్చేటప్పుడు ఏ మానికతో ఇస్తారు, తీసుకునేటప్పుడు ఏ మానికతో తీసుకుంటారు?" అని వెనక బెంచీ నుంచి ఒకడు అడిగాడు. ఆ ప్రశ్న నేను రాసుకొచ్చింది కాదు. మీ క్లాసులోనూ ఎవడో ఒకడు అడుగుతాడు, ఓపిక పట్టండి. అడగకపోతే మాత్రం మీరు అడిగేయకండి, ఇంకో రోజు చూసుకోవచ్చు.

మూడో అడుగు: కాటాని పరీక్షించడం నేర్పండి

ఈ పనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. లీటరు నీళ్ళ సీసా ఒకటి చాలు. లీటరు నీళ్ళు కిలో బరువు, నాలుగైదు గ్రాములు అటూ ఇటూ. ఖాళీ సీసాని ముందే ఒక చిన్న ఎలక్ట్రానిక్ కాటా మీద తూచి, ఆ గ్రాములు సీసా మీదే రాసిపెట్టండి. తర్వాత సరిగ్గా లీటరు నీళ్ళు కొలిచి పోసి మూత బిగించండి. ఆ సీసా పిల్లల చేతిలో కిలో రాయి. ఏ కాటా మీద పెట్టినా అది కిలో పైన ఆ ఖాళీ సీసా బరువంత చూపించాలి.

కాటా తప్పు చూపితే వెంటనే దొంగ అనకూడదని ముందే చెప్పండి. సున్నా దగ్గర పెట్టారా, గాలి తగులుతోందా, బల్ల సమంగా ఉందా చూడాలి. మూడుసార్లు తూచి మూడూ రాయాలి.

తక్కెడైతే ఇంకా మంచి లెక్క ఉంది, పెద్ద పిల్లలకి. సరుకుని కుడి పళ్ళెంలో ఒకసారి, ఎడమ పళ్ళెంలో ఒకసారి తూచండి. దండె రెండువైపులా ఒకే పొడవు లేకపోతే రెండు బరువులు వస్తాయి. అసలు బరువు ఆ రెండింటి సగటు అనుకుంటారు పిల్లలు. కాదు, రెండింటినీ గుణించి వర్గమూలం తీయాలి. 1.6 కిలోలు, 2.5 కిలోలు వస్తే అసలు బరువు 2 కిలోలు, సగటు తీస్తే 2.05. ఎందుకో మోమెంట్ల పాఠం వచ్చినప్పుడు సైన్స్ మాస్టారుతో కలిసి చెప్పండి.

నాలుగో అడుగు: చింతపండు ధరని చివరిదాకా నడిపించండి

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగండి, వారం పట్టినా ఫరవాలేదు.

కొండ మీది నుంచి వచ్చేవాళ్ళు చాలాసార్లు బుట్ట లెక్కన అమ్ముతారు. లెక్క కోసం బుట్ట 200 రూపాయలు, బుట్టలో 8 కిలోలు అనుకోండి. కిలోకి 25 పడింది. గింజ తీయని చింతపండుకి కేంద్రం 2020లో కిలోకి 36 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. ఆ లెక్కన బుట్ట 288. తేడా 88, అంటే 288లో నూటికి ముప్పైకి పైన. ఇక్కడ పిల్లలకి కోపం వస్తుంది. కోపం రావడం మంచిదే, పాఠం మాత్రం అక్కడ ఆపకండి. శాతం ఏ సంఖ్య మీద కట్టాలో ఇంకా తేలలేదు. అదే 88ని 200 మీద కడితే నూటికి 44. ఎవరు ఏ శాతం చెబుతున్నారు, ఎందుకు చెబుతున్నారు అన్నది పేపర్ చదివే ప్రతివాడికీ కావలసిన చదువు.

ఆ తర్వాత వ్యాపారి లెక్క కట్టించండి. గోనె సంచి, ఆటో కిరాయి, పెట్టుబడి మీద వడ్డీ, ఎండితే పోయే బరువు. ఈ ఆఖరిదాన్ని మన దగ్గర తరుగు అంటారు. తరుగు పేరుతో ముందే కొంత బరువు కోసేసి డబ్బు కడతారు.

ఇక్కడ నా ఇంటి సంగతి చెప్పక తప్పదు. మా మావయ్యకి అటవీ సరుకుల కొట్టుంది. ఒడిశాలో మన భాష వాళ్ళం తక్కువమంది కాబట్టి అన్యాయం జరిగేది మనకేనని పండగల్లో కూర్చుని మాట్లాడుకుంటాం. సంతరోజు మాత్రం కాటాకి అవతలివైపు కూర్చున్నది మనవాళ్ళే. ఈ పాఠం చెప్పే తెలుగు మాస్టారు ఆ మాట ముందే ఒప్పుకోవాలి. లేకపోతే పాఠం ఎవరో దూరపు షావుకారు మీదికి పోతుంది, పిల్లలు నమ్మరు.

పిల్లల్ని తీసుకుని మావయ్య దగ్గరికే వెళ్ళాను. "ఏటల్లుడూ, మీ బడి నా కాటా మీదికొచ్చిందేటి?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, పూర్తిగా నవ్వు కాదు. తరుగు ఎంత తీస్తావంటే నూటికి పది అన్నాడు. పది ఎందుకంటే "ఎండితే పోద్ది కదరా" అన్నాడు. సరే, ఎంత పోతుందో చూద్దామని పిల్లలు అదే రోజు అక్కడే కిలో చింతపండు కొని బడి డాబా మీద ఎండేశారు. రోజూ తూచి గ్రాఫ్ గీశారు. నాలుగు రోజులకి 960 గ్రాముల దగ్గర గీత అడ్డంగా నిలబడిపోయింది. నూటికి నాలుగు. నేను చెప్పిన గ్రాఫు పాఠాల్లో పిల్లలు స్కేలు అడిగి మరీ గీసింది అదొక్కటే.

మీరు చేస్తే వేరే అంకె రావచ్చు. వానాకాలం సరుకైతే ఎక్కువ పోతుంది. అందుకే ఒక్క కిలోతో తేల్చకుండా మూడు నాలుగు చోట్ల కొన్న సరుకుతో చేయించండి. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పడం కూడా అన్యాయమేనని అప్పుడు వాళ్ళకే తెలుస్తుంది.

ఐదో అడుగు: నేల కొలిపించండి

తాడు, నాలుగు కర్రలు, టేపు తీసుకుని బడి పక్క మడికి వెళ్ళండి. ఏ మడీ దీర్ఘచతురస్రంలా ఉండదు. ఒక మూల నుంచి ఎదుటి మూలకి తాడు కట్టి రెండు త్రిభుజాలు చేయించండి. ఒకదాని భుజాలు 30, 40, 50 మీటర్లు, రెండోదానివి 50, 50, 60 మీటర్లు అనుకోండి. వైశాల్యాలు 600, 1200, మొత్తం 1800 చదరపు మీటర్లు. దాన్ని 40.47తో భాగిస్తే సుమారు 44.5. ఇది సెంట్లలో. ఒడిశా కాగితాల్లో డెసిమల్ అని రాస్తారు, రెండూ ఎకరంలో నూరో వంతే. ఇక్కడిదాకా హాయి.

చిక్కంతా గుంఠ దగ్గర. ఒడిశాలో గుంఠ అంటే ఎకరంలో 25వ వంతు, అంటే 4 డెసిమల్. తెలంగాణలో, మహారాష్ట్రలో గుంట అంటే 40వ వంతు, రెండున్నర సెంట్లు. పది గుంఠలంటే ఇక్కడ 40 సెంట్లు, అక్కడ 25. ఈ మడి ఒడిశా లెక్కలో 11 గుంఠల పైచిలుకు, సిరొంచ లెక్కలో 18కి కాస్త తక్కువ. ఈ పట్టికని పిల్లల చేత అట్ట మీద రాయించి ఇంటికి పంపండి. ఇది బడి పనిలా కనిపిస్తుంది గానీ ముందు చదివేది నాన్నలే.

కొండ ఊళ్ళ పిల్లలుంటే అటవీ హక్కుల పట్టా సంగతి కూడా ఇక్కడే చెప్పండి. 2006 చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న అడవి భూమికి హక్కు అడగవచ్చు, హద్దు 4 హెక్టార్లు. ఎకరాల్లో 9.88. చేతిలో ఉన్న నేలెంత, కాగితం మీద నేలెంత అని పోల్చడానికి ఆ తాడే చాలు. తేడా వస్తే ఏం చేయాలన్నది గ్రామసభ పని. మీరు లెక్క దగ్గర ఆగండి, లెక్క మాత్రం గట్టిగా ఉండాలి.

ఆరో అడుగు: సరిహద్దు గీతకి అటూ ఇటూ కూలి

ఇది ఒక పీరియడ్‌లో అయిపోతుంది. ఉపాధి హామీ రోజు కూలి 2024-25లో ఒడిశాలో 254 రూపాయలు, ఆంధ్రాలో 300. గీతకి ఆంధ్రా వైపున్న బత్తిలిలో బంధువులున్న పిల్లలకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. వంద రోజులకి తేడా 4600. ఆ తర్వాత అడగండి: "రెండు చోట్లా నూటికి పది చొప్పున పెంచితే తేడా తగ్గుతుందా, అలాగే ఉంటుందా, పెరుగుతుందా?" చేతులెత్తించండి. అలాగే ఉంటుందని చాలామంది అంటారు. 279.40, 330. తేడా 46 నుంచి 50.60కి పెరిగింది. సమానంగా పెంచామనే మాటలో ఎంత ఉందో పిల్లలు ఆ రోజు నుంచి పట్టుకుంటారు.

చేయకూడనిది ఒకటుంది

నేను చేశాను కాబట్టి చెబుతున్నాను. చక్రవడ్డీ పాఠానికి "మీ ఇంట్లో అప్పు ఎంతో, వడ్డీ ఎంతో కనుక్కుని రండి" అని హోంవర్క్ ఇచ్చాను. నిజజీవితం కదా అని పొంగిపోయాను. మర్నాడు ఒక పిల్లవాడి అంకె బోర్డు మీద అందరికంటే పెద్దది. వాడు వారం రోజులు బడికి రాలేదు. వాళ్ళమ్మ వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి, "మాస్టారూ, మా అప్పు బోర్డెక్కించడం దేనికండీ?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు పేరు లేని ఒక ఇంటిని నేనే కల్పిస్తాను, అంకెలు మాత్రం ఊళ్ళో నడిచేవే. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకి, ఏడాదికి నూటికి 36. నాట్లప్పుడు వడ్ల బస్తా తీసుకుని ఐదు నెలల తర్వాత కోతలప్పుడు బస్తాన్నర ఇస్తే నెలకి నూటికి పది, ఏడాది లెక్కన 120. వడ్లలో కట్టే వడ్డీ చిన్నదిగా కనిపిస్తుంది, కారణం దాన్ని ఎవరూ శాతంలో పలకరు. ఎవరి ఇల్లూ బయటపడకుండానే ప్రతివాడూ తన ఇంటి లెక్క మనసులో వేసుకుంటాడు. కులం, ఇంటి ఆదాయం, ఎవరింట్లో ఎన్ని పూటలు తింటారు, ఇవి కూడా క్లాసులో అడగకండి. మధ్యాహ్న భోజనం బియ్యం తూచే పాఠం (చిన్న తరగతులకి తలకి 100 గ్రాములు, పెద్ద తరగతులకి 150) చాలా మంచిది గానీ, వండే అక్కలతో ముందే మాట్లాడుకోకుండా మొదలుపెడితే తిట్లు పడేది వాళ్ళకే.

ఆఖరి అడుగు: మళ్ళీ నోట్సుకి తీసుకురండి

ఇది మర్చిపోతే చేసిందంతా విహారయాత్ర. అమెరికాలో నల్లజాతి పిల్లల చదువు మీద పనిచేసిన గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ 1990లలో ఈ తరహా బోధనకి మూడు షరతులు పెట్టారు: పిల్లలు చదువులో గెలవాలి, తమ సంస్కృతిని వదులుకోకూడదు, చుట్టూ ఉన్న అన్యాయాన్ని ప్రశ్నించగలగాలి. మొదటి షరతుని మనలో చాలామంది దాటేస్తాం. పదో తరగతి పరీక్షలో కుంచం రాదు, 3.25 × 40 వస్తుంది.

కాబట్టి ప్రతి సంత పాఠం తర్వాత ఒక పేజీ ఇలా రాయించండి. పేజీని నిలువుగా రెండుగా మడవాలి. ఎడమవైపు నోటితో చెప్పిన లెక్క, చెప్పినట్టే: మూడు నలభైలు నూట ఇరవై, పావుకి పది. కుడివైపు అదే లెక్క బడి భాషలో: 3 × 40 + 0.25 × 40. దాని కిందే నిలువు గుణకారం, దశాంశ బిందువుతో సహా. రెండువైపులా జవాబు ఒకటే కాకపోతే ఏ వైపు తప్పో వాళ్ళే వెతకాలి. సంతలో నవ్వొచ్చే జవాబు నోట్సులోనూ నవ్వు తెప్పించాలి. చింతపండు పిల్ల ఇప్పుడు 1300 రాస్తే తనే కొట్టేసుకుంటుంది. దీనికి మాకు రెండు నెలలు పట్టింది.

మావయ్య కొట్లో కాటా పక్కన ఇప్పుడు లీటరు నీళ్ళ సీసా ఒకటుంది. పిల్లలు పెట్టి వచ్చారు. మూత తీయొద్దని తెలుగులో, ఒడియాలో, సవరలో రాసిన చీటీ దానికి అంటించారు. కొండ దిగొచ్చినవాళ్ళు కొందరు ముందు దాన్ని కాటా మీద పెట్టి చూసి తర్వాత బుట్ట దింపుతున్నారు. తరుగు పది నుంచి ఏడుకి తగ్గించాడు మావయ్య. నాలుగు ఎప్పుడని పిల్లలు అడుగుతున్నారు.